అమెరికా చదువుకు ముందు పద్దెనిమిది నెలలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫాల్ సెమిస్టర్ తరగతులు ఆగస్టు చివరి వారాల్లో మొదలవుతాయి. వాటిలో కూర్చోవాలనుకునే విద్యార్థి అంతకుముందు సంవత్సరం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పని మొదలుపెట్టాలి. అంటే ఇంజినీరింగ్ మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ నడుస్తుండగానే. చాలా ఇళ్లలో ఈ ఆలోచన ఫైనలియర్ సంక్రాంతి సెలవుల్లో గాని రాదు. అప్పటికి మంచి విశ్వవిద్యాలయాల గడువులు సగం దాటిపోయి ఉంటాయి. మిగిలినవాటిలో దొరికిన సీటే మంచి సీటు అనుకోవలసి వస్తుంది.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న విదేశీయుల్లో భారతీయుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటింది. 2024-25లో అది 3,63,019 అయింది. వీరిలో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్ అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లోని బోర్డులు చూసినా తెలుస్తుంది. ఇంత మంది వెళ్తున్నందువల్లే ఒక ఇబ్బంది వచ్చింది. దారి బాగా నలిగింది కదా అని విద్యార్థులు దాన్ని తాము చూసుకోవడం మానేశారు. అన్నీ కన్సల్టెన్సీ చూసుకుంటుందనుకుంటారు. విశ్వవిద్యాలయం, బ్యాంకు, కాన్సులేట్, విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి వేర్వేరు రోజుల్లో వేర్వేరు కాగితాలు చూస్తారు గాని, అడిగేది ఒకే మనిషి కథ. ఆ కథ తనదే అయినా తనకు పూర్తిగా తెలియని విద్యార్థి ఎక్కడో ఒక చోట తడబడతాడు.

పేరుతో మొదలు

తయారీలో మొదటి పని పరీక్ష రాయడం కాదు, పాస్‌పోర్టు తెరిచి పేరు చూసుకోవడం. తెలుగు పేర్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, లేదా ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో చివరకు వెళ్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఇంకో గడి ఉంటాయి. దరఖాస్తు నింపినవాళ్లు మొత్తం పేరును సొంత పేరు గడిలోనే రాసేసి ఇంటిపేరు ఖాళీ వదిలేయడం కొత్తేమీ కాదు.

దాని ఫలితం వీసా స్టిక్కర్ మీద కనబడుతుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా కాన్సులేట్ ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలో వేసి, సొంత పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని ముద్రిస్తుంది. మొదటి పేరు తెలియదు అని దానికర్థం. ఆ మూడక్షరాలు ఆ తర్వాత విశ్వవిద్యాలయం ఐడీ కార్డులోకి, బ్యాంకు ఖాతాలోకి, డ్రైవింగ్ లైసెన్సులోకి పాకుతాయి. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ‘మిస్టర్ ఎఫ్ఎన్‌యూ’ అనే పిలుస్తారు. ఈ చిక్కు అమెరికాతోనే ఆగదు. యూఏఈ కూడా 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. పాస్‌పోర్టును సరిచేసి మళ్లీ తీసుకోవడానికి వారాలు పడుతుంది. పోలీస్ వెరిఫికేషన్ కూడా ఉంటుంది. జీఆర్ఈకి పేరు నమోదు చేసుకోకముందే ఇది తేలిపోవాలి. ఎందుకంటే స్కోరు కార్డు, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20, వీసా అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరునే అనుసరిస్తాయి. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ, తండ్రి పేరు స్పెల్లింగ్ కూడా అప్పుడే పోల్చి చూసుకోవాలి.

పరీక్షల గురించి చెప్పవలసింది తక్కువ. జీఆర్ఈని 2023 సెప్టెంబరు నుంచి రెండు గంటల లోపుకు కుదించారు. కోవిడ్ తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని తప్పనిసరి జాబితా నుంచి తీసేశాయి. అయినా మార్కులు మామూలుగా ఉన్నవాళ్లకు మంచి క్వాంట్ స్కోరు ఇప్పటికీ ఆసరాయే. ఇంగ్లిష్ పరీక్షకు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్‌లలో ఏదైనా సరిపోతుంది. డ్యుయోలింగోను అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు కాబట్టి డబ్బు కట్టకముందే చూసుకోవాలి. జీఆర్ఈ స్కోరు 5 ఏళ్లు, ఇంగ్లిష్ స్కోరు 2 ఏళ్లు చెల్లుతాయి.

ఎక్కువ కాలం తినేవి ట్రాన్‌స్క్రిప్ట్‌లు. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయం ఏదైనా, సెమిస్టర్ మెమోలన్నీ చేతిలో ఉన్నా విశ్వవిద్యాలయం సీలు వేసిన కవర్లు విడిగా తీసుకోవాలి. సప్లిమెంటరీ రాసి పాసైన సబ్జెక్టులు ఉంటే మెమోల్లో అవి కనిపిస్తాయి. వాటిని దాచిపెట్టే ఉపాయాలు చెప్పేవాళ్లకు దూరంగా ఉండటం మేలు. బ్యాక్‌లాగ్స్ ఉన్నా సీటిచ్చే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. మార్చిన మెమో దొరికితే మాత్రం ఎక్కడా సీటుండదు.

సిఫార్సు లేఖల సంగతి మన కాలేజీల్లో అందరికీ తెలిసిందే. లేఖ విద్యార్థే రాసుకొస్తాడు, హెచ్‌ఓడీ సంతకం పెడతారు. ఇప్పుడు విశ్వవిద్యాలయాలు అధ్యాపకుడి ఈమెయిల్‌కు నేరుగా లింకు పంపి లేఖను అక్కడే అప్‌లోడ్ చేయమంటున్నాయి. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ వాడే అధ్యాపకులు ముగ్గురిని వెతుక్కోవడం, వాళ్లకు నెల ముందే చెప్పడం విద్యార్థి పని. ఇక స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఆసక్తి అని మొదలయ్యే వ్యాసాలను అడ్మిషన్ కమిటీలు వేలల్లో చదివి ఉంటాయి. ఫైనలియర్ ప్రాజెక్టులో ఏ భాగం తాను చేశాడో, ఎక్కడ ఆగిపోయాడో సూటిగా రాసిన రెండు పేజీలు వాటికంటే నయం. తాను రాసిన వ్యాసమైతే రేపు వీసా కిటికీ దగ్గర అడిగినా జవాబు గుర్తుంటుంది.

ఏ విశ్వవిద్యాలయం

ఈ ప్రశ్నకు రెండు పాత కేసులు గుర్తు చేసుకుంటే సగం జవాబు దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటుండేది. 2011 జనవరిలో ఫెడరల్ అధికారులు దాన్ని సోదా చేసి మూసేశారు. విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. దేశం నలుమూలలా ఉద్యోగాలు చేసుకుంటున్న వందలాది మంది సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో కాపురముంటున్నట్టు రికార్డుల్లో ఉంది. కొందరు విద్యార్థుల కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించి కదలికలు గమనించారు. దాన్ని నడిపిన సూజన్ సూకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

రెండోది ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. మిషిగన్‌లో దీన్ని పెట్టింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే, వీసా మోసాలను పట్టుకునే వలగా. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. 2019 జనవరి చివర్లో వల లాగినప్పుడు దొరికిన సుమారు 130 మంది విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే. కమిషన్ తీసుకుని చేర్పించినవారిగా కేసులు పడ్డ ఎనిమిది మందిలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. ఆ విశ్వవిద్యాలయం పేరు ప్రభుత్వ ఆమోదిత జాబితాలో కనిపించేది కూడా. కాబట్టి జాబితా చూసుకోవడం అవసరమే గాని, అది ఒక్కటే చాలదు. క్లాసుకు వెళ్లనక్కర్లేదు, చేరిన మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు అని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోవాలి.

కోర్సు పేజీలో అధ్యాపకుల పేర్లు, వాళ్ల పరిశోధన, ఈ సెమిస్టర్ టైంటేబుల్ చూడవచ్చు. ఆ సంస్థకు గుర్తింపునిచ్చిన ప్రాంతీయ సంఘం ఏదో చూడవచ్చు. అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో మాట్లాడితే ఇంకా తెలుస్తుంది. వాళ్లను కన్సల్టెన్సీ పరిచయం చేయకపోవడం మంచిది. ఒక్కో సీటుకు విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ అందే కన్సల్టెన్సీలున్నాయి. వాళ్లు ‘మీ ప్రొఫైల్‌కు ఇదే కరెక్ట్’ అనడంలో ఆ లెక్క కూడా కలిసి ఉండవచ్చు. ఫీజు అడగకుండా సేవ చేస్తున్నామంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడగడం తప్పు కాదు. ఆరేడు విశ్వవిద్యాలయాలకు మించి దరఖాస్తు చేయడంలో పెద్ద లాభం లేదు. ఒక్కో దరఖాస్తుకు 50 నుంచి 100 డాలర్ల దాకా పోతుంది.

డబ్బు లెక్క

ఐ-20 అనే కాగితం మీద విశ్వవిద్యాలయం ఒక సంవత్సరానికయ్యే ట్యూషన్, వసతి, భోజనం, ఇన్సూరెన్స్ ఖర్చులను అచ్చు వేస్తుంది. కనీసం అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపిస్తేనే ఆ కాగితం వస్తుంది. కొందరు బంధువుల సొమ్మును, వడ్డీకి తెచ్చిన సొమ్మును వారం రోజులు ఖాతాలో వేసి బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకుని తిరిగి ఇచ్చేస్తారు. దీన్ని ఫండ్స్ చూపించడం అంటారు. ఐ-20 వస్తుంది సరే, రెండో సెమిస్టర్ ఫీజు కట్టే రోజున ఆ డబ్బు ఉండదు.

ఎక్కువ కుటుంబాలు విద్యా రుణం మీదే ఆధారపడతాయి. తాకట్టు లేకుండా ప్రభుత్వ రంగ బ్యాంకులు ఇచ్చేది సాధారణంగా 7.5 లక్షల వరకే. ఆపైన ఇల్లో, స్థలమో తాకట్టు పెట్టాలి. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లాయర్ లీగల్ ఒపీనియన్, ఇంజినీర్ వాల్యుయేషన్ అన్నీ కావాలి. ఊళ్లో పొలం ఉందన్న ధీమాతో బ్యాంకుకు వెళ్లిన రైతు కుటుంబాలకు వ్యవసాయ భూమిని సాధారణంగా తాకట్టుగా తీసుకోరని అక్కడే తెలుస్తుంది. అప్పుడు తాకట్టు అడగని ఫైనాన్స్ సంస్థల వైపు తిరుగుతారు. అక్కడ వడ్డీ ఎక్కువ, చదువు నడుస్తుండగానే నెలనెలా కొంత వడ్డీ కట్టాలనీ అంటారు.

వడ్డీని ముందే కాగితం మీద వేసుకోవాలి. 40 లక్షల రుణానికి 10 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 4 లక్షలు. రెండేళ్ల చదువు, ఆ తర్వాత ఆరు నెలల వెసులుబాటు కలిపితే, మొత్తం రుణం మొదటి రోజే తీసుకున్నట్టు లెక్క కట్టి, సాధారణ వడ్డీయే 10 లక్షలు. విడతలుగా తీసుకుంటే కొంత తగ్గుతుంది. ఇక రూపాయి పతనం. 2022 జులైలో డాలరు 80 రూపాయలు దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. 30 వేల డాలర్ల ఫీజు ఒక రేటుకు 24 లక్షలు, ఇంకో రేటుకు 27 లక్షలు. రెండో ఏడాది ఫీజును ఈ ఏడాది డాలరు రేటుతో లెక్కవేస్తే ఆ తేడాకు చేబదులే గతి.

విదేశాలకు పంపే సొమ్ము మీద బ్యాంకు వసూలు చేసే పన్ను టీసీఎస్ విషయంలో 2025 ఏప్రిల్ 1 నుంచి కొంత ఊరట దొరికింది. బ్యాంకు, ఫైనాన్స్ సంస్థల విద్యా రుణం నుంచి పంపే ఫీజు మీద అది లేదు. సొంత సొమ్ము అయితే ఏడాదికి 10 లక్షల దాకా వర్తించదు. కట్టిన టీసీఎస్‌ను కూడా రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు, కొందరికి ఇది తెలియక వదిలేస్తుంటారు.

తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట బీసీల నిధి వంటి పథకాల కింద ఎంపికైన విద్యార్థికి 20 లక్షల వరకు సాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన విదేశీ విద్యా దీవెనను ప్రపంచ ర్యాంకుల్లో ముందున్న విశ్వవిద్యాలయాలకు ముడిపెట్టారు. వీటికి ఆదాయ పరిమితి ఉంటుంది, డబ్బు విడతల్లో వస్తుంది. అందువల్ల మొదటి సెమిస్టర్ ఫీజును ఈ సాయం మీద పెట్టుకోకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన లెక్క ‘పార్ట్‌టైమ్ చేసి నెట్టుకొస్తా’ అనేది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు పనిచేయవచ్చు. లైబ్రరీ, డైనింగ్ హాలు, ల్యాబ్ లాంటి ఆ పనులకు పోటీ ఎక్కువ. బయట పెట్రోలు బంకులో, రెస్టారెంట్‌లో, సరుకుల దుకాణంలో చేతికి నగదు తీసుకుని చేసే పని చట్టవిరుద్ధం. దొరికితే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో రికార్డు రద్దవుతుంది, చదువు అక్కడితో ఆగుతుంది. ఇంట్లో వేసుకునే బడ్జెట్‌లో పార్ట్‌టైమ్ సంపాదన సున్నాగా ఉండాలి.

కిటికీ దగ్గర రెండు నిమిషాలు

ఐ-20 వచ్చాక 350 డాలర్ల సెవిస్ ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు కట్టాలి. 2025 జులైలో వచ్చిన అమెరికా చట్టం దీనికి తోడు మరో 250 డాలర్ల రుసుముకు కూడా దారి తెరిచింది. కట్టే రోజున మొత్తం ఎంతో కాన్సులేట్ వెబ్‌సైట్లోనే చూసుకోవాలి. తర్వాత వీసా దరఖాస్తు, అంటే డీఎస్-160 ఫారం. ఇందులో అయిదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ ఇవ్వాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన వచ్చింది. ఫారం నింపేది కన్సల్టెన్సీ కుర్రాడే అయినా చివరి బటన్ నొక్కేముందు ప్రతి గడినీ విద్యార్థి చదవాలి. గతంలో వీసా తిరస్కరించారా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని వేరొకరు నొక్కినా, అబద్ధం చెప్పినవాడిగా మిగిలేది విద్యార్థే.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023 మార్చిలో నానక్‌రాంగూడ కొత్త భవనంలోకి మారింది. ముందు వేలిముద్రలు, ఫొటో కోసం వీసా అప్లికేషన్ సెంటర్‌కు, మరో రోజు ఇంటర్వ్యూకు కాన్సులేట్‌కు వెళ్లాలి. స్లాట్ దొరకడమే పెద్ద పరీక్ష. 2025 మే చివర్లో కొత్త విద్యార్థి స్లాట్లను కొన్ని వారాలు ఆపేసినప్పుడు ఆగస్టు తరగతులకు వెళ్లవలసినవాళ్లు జులై దాకా కంప్యూటర్ల ముందే కూర్చున్నారు. తరగతులకు 365 రోజుల ముందు నుంచీ వీసా ఇవ్వవచ్చు కాబట్టి ఐ-20 ఎంత తొందరగా తెచ్చుకుంటే అంత మంచిది. స్లాట్ ఇప్పిస్తామని పాస్‌వర్డ్ అడిగే ఏజెంట్లకు ఇస్తే ఖాతా స్తంభించిపోయే ప్రమాదం ఉంది.

ఇంటర్వ్యూ అంటే కుర్చీలో కూర్చునే సంభాషణ కాదు. గాజు కిటికీ ముందు నిలబడి రెండు మూడు నిమిషాలు మాట్లాడటం, అంతే. అధికారి చేతిలో ఉండే ఆయుధం ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బీ) సెక్షన్. దాని ప్రకారం దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరూ అమెరికాలో స్థిరపడిపోవాలనే వస్తున్నారని మొదట అనుకోవాలి. కాదని నిరూపించే బాధ్యత దరఖాస్తుదారుడిది. తిరస్కరిస్తే కారణం వివరంగా చెప్పరు, ఫీజు తిరిగి రాదు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. 221(జీ) చీటీ ఇస్తే అది చివరి తిరస్కరణ కాదు, ఇంకా కాగితాలో పరిశీలనో కావాలని అర్థం.

ఇరవై రెండేళ్ల కుర్రాడు స్థిరపడనని ఎలా నిరూపిస్తాడు? ఆస్తి పత్రాల కట్ట చూపించి కాదు. చాలాసార్లు అధికారి వాటిని ముట్టుకోరు. చదవబోయే కోర్సు ఏమిటి, ఆ విశ్వవిద్యాలయమే ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు, వాళ్లేం చేస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు ఫారంలో ఉన్నదే నోటి నుంచి, తన మాటల్లో రావాలి. మాక్ ఇంటర్వ్యూల్లో బట్టీ పట్టించిన జవాబులను రోజంతా ఒకే మాటలుగా వినే అధికారి ఇట్టే పసిగడతారు. తండ్రి ఎరువుల దుకాణం నడుపుతుంటే ‘బిజినెస్’ అని ఊరుకునే కంటే, ఫలానా ఊళ్లో ఎరువుల దుకాణం అని చెప్పడం నమ్మకంగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒకటి రెండు తప్పులు దొర్లినా ఫర్వాలేదు. అర్థంకాని ప్రశ్నను మళ్లీ అడగమనవచ్చు. ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108 చేయడం ఇక్కడి ఆనవాయితీ. దానికి పట్టే సమయంలో కోర్సు సిలబస్ పేజీ కూడా ఒకసారి తిరగేస్తే రెండు విధాలా బలం.

టీకాలు, పళ్లు, కళ్లద్దాలు

వీసా వచ్చాక అందరి చూపూ షాపింగ్ మీద పడుతుంది. అంతకంటే ముందు తీరాల్సింది టీకాల పని, ఎందుకంటే వాటికి వాటి వ్యవధి ఉంటుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులుండాలి. హెపటైటిస్-బీ మూడు డోసులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది. టీడాప్, ఆటలమ్మ, మెనింజైటిస్ టీకాలు కూడా చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. రుజువు లేకపోతే రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌ను ఆపేసే విశ్వవిద్యాలయాలున్నాయి. చిన్నప్పటి టీకా కార్డు ఏ ట్రంకు పెట్టెలో ఉందో అమ్మనో నానమ్మనో అడిగి వెతికించుకుంటే కొన్ని సూదులు తప్పుతాయి.

క్షయ పరీక్షలో మన పిల్లలకు ఒక చిక్కు ఉంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకు బీసీజీతో సంబంధం లేదు. కాబట్టి విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే రక్త పరీక్షే అడగాలి.

అమెరికాలో విద్యార్థి ఇన్సూరెన్స్ సాధారణంగా పళ్లకూ కళ్లద్దాలకూ వర్తించదు. పుచ్చిన పన్నుకు ఇక్కడే ఫిల్లింగ్ చేయించుకోవాలి, అద్దాలు రెండు జతలు చేయించుకోవాలి. ఇన్సూరెన్స్ ఉన్నా ఏడాదిలో మొదటి కొంత మొత్తం సొంతంగా పెట్టుకోవాలి, ఆ తర్వాత కూడా వాటా ఉంటుంది. విశ్వవిద్యాలయం పాలసీ ఖరీదెక్కువని బయట చవక పాలసీ కొనేవాళ్లు, అది విశ్వవిద్యాలయం షరతులకు సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. సరిపోకపోతే రెండూ కట్టాల్సి వస్తుంది. రోజూ వాడే మందులుంటే డాక్టర్ చీటీతో సహా అసలు డబ్బాల్లోనే తీసుకెళ్లాలి.

రెండు పెట్టెలు

చాలా విమాన సంస్థలు అమెరికాకు 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తాయి. చేతి సంచికి ఏడెనిమిది కిలోలు. తూకం యంత్రం దగ్గర పెట్టె విప్పి పచ్చడి సీసాలు నాన్న చేతికిచ్చే దృశ్యం శంషాబాద్‌లో రోజూ కనిపిస్తుంది.

ఆవకాయ, పొడులు, కారప్పూస లాంటివి గట్టిగా ప్యాక్ చేసి తీసుకెళ్లవచ్చు. కాని విమానం దిగాక కస్టమ్స్ వాళ్లకు ఆహారం ఉందని చెప్పాలి. చెప్పి చూపిస్తే మహా అయితే ఒక వస్తువు తీసి పారేస్తారు. దాచి దొరికితే జరిమానా వేస్తారు. నాన్‌వెజ్ పచ్చళ్లు కుదరవు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసుకెళ్లే పురుగు ఆ ఆకు మీద బతకడమే కారణం. సామానులో బియ్యం తీసుకెళ్లడాన్నీ ఖప్రా పురుగు భయంతో నిషేధించారు. దుబాయ్, అబుధాబి మీదుగా వెళ్లేవాళ్లు మసాలా డబ్బాలో గసగసాలు లేకుండా చూసుకోవాలి. యూఏఈలో అవి మత్తు పదార్థాల జాబితాలో ఉన్నాయి.

అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు రెంటికీ పనిచేస్తాయి, ప్లగ్ అడాప్టర్ ఉంటే చాలు. మిక్సీ, కరెంటు రైస్ కుక్కర్ మోసుకెళ్తే వాటి స్థానం అటక మీదే. స్టవ్ మీద పెట్టే ప్రెషర్ కుక్కర్ మాత్రం మోసుకెళ్లినందుకు ఫలితం ఇస్తుంది. చలికోటును ఇక్కడ కొనడం దండగ, అక్కడి చలికి తగ్గది అక్కడే దొరుకుతుంది.

విదేశీ నగదు నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే తీసుకోవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోవాలి. దేశం దాటితే ఫెమా చట్టం దృష్టిలో విద్యార్థి ప్రవాసి. కాబట్టి ఇక్కడి పొదుపు ఖాతాను ప్రవాసుల ఖాతా అయిన ఎన్ఆర్‌ఓగా మార్చమని బ్యాంకుకు చెప్పాలి. తండ్రి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే తర్వాతి విడత రుణానికి సంతకాల సమస్య రాదు. ఆధార్‌కూ బ్యాంకుకూ ఇచ్చిన ఫోన్ నంబరు రద్దు కాకుండా చూసుకోవాలి. దాన్ని వదిలేస్తే ఓటీపీలన్నీ గాలికి పోతాయి.

దిగిన చోట

వీసా ఉన్నా కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. పాస్‌పోర్టు, ఐ-20, సెవిస్ రసీదు, అడ్మిషన్ లేఖ, ఆర్థిక పత్రాలు చేతి సంచిలో ఉండాలి, కింద పెట్టెలో కాదు. వీసా అన్నది తలుపు దాకా రావడానికి అనుమతి. లోపలికి పంపాలా వద్దా అన్నది విమానాశ్రయంలోని అధికారి ఇష్టం. అబుధాబి నుంచి నేరుగా అమెరికా వెళ్లేవాళ్లకు 2014 నుంచి ఈ తనిఖీ అబుధాబిలోనే జరుగుతోంది. అక్కడ తిప్పి పంపితే అమెరికా నేల తొక్కకుండానే ఇంటికి రావాలి.

అధికారి విద్యార్థి ఫోన్, ల్యాప్‌టాప్ తెరిచి చూడవచ్చు. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి తెలుగు విద్యార్థులను తిప్పి పంపినట్టు వార్తలు వచ్చాయి. ఫండ్స్ ఎలా చూపించాలి, పార్ట్‌టైమ్ ఎక్కడ దొరుకుతుంది అని స్నేహితులతో, కన్సల్టెన్సీలతో చేసిన వాట్సాప్ సంభాషణలే వాళ్ల మీద సాక్ష్యమయ్యాయని అప్పట్లో చెప్పుకొన్నారు. చాట్ చెరిపేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి చాట్ అవసరమే రాని తయారీ వేరే. ఏ ఊరు వెళ్తున్నావు, ఏ విభాగం, మొదటి సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టులు, ఎక్కడ ఉంటావు అని అడిగితే విద్యార్థి ఐ-20 తీయకుండానే చెప్పగలగాలి.

లోపలికి వెళ్లాక తన రాక నమోదైన ఐ-94 రికార్డును వెబ్‌సైట్లో తెరిచి పేరు, వీసా తరగతి సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. తప్పుంటే మొదట్లోనే సరిచేయించుకోవడం సులువు. క్యాంపస్‌లో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. కోర్సు మొదలైన 30 రోజుల్లోపు వాళ్లు సెవిస్‌లో పేరు నమోదు చేస్తేనే విద్యార్థి హోదా నిలుస్తుంది. మొదటి వారాలు ఏ సీనియర్ గదిలోనో గడిపి, తర్వాత అపార్ట్‌మెంట్ చూసుకుని మారడం మామూలే. అలా మారిన ప్రతిసారీ 10 రోజుల్లోపు కొత్త చిరునామా ఆ కార్యాలయానికి తెలపాలి.